తీర్పు చేతిలో, పడక వీధిలో: ఆశ్రయార్థుల నివాస హక్కును కోర్టులు ఎంతవరకు కాపాడగలిగాయి?

ఐరోపాలో ఆశ్రయం కోరి వచ్చిన మనిషికి, దరఖాస్తు తేలేదాకా తలదాచుకునే చోటు చూపించాలా వద్దా అన్న వాదన ఇప్పుడు పాత రూపంలో లేదు. చూపించాలని చట్టం చెబుతోంది, కోర్టులు చెబుతున్నాయి, చాలాసార్లు ప్రభుత్వ న్యాయవాదులు కూడా కాదనడం లేదు. అయినా బ్రస్సెల్స్‌లో, డబ్లిన్‌లో, పారిస్‌లో దరఖాస్తు కాగితం జేబులో పెట్టుకుని కాలువ గట్ల మీద గుడారాల్లో రాత్రుళ్లు గడిపినవాళ్లు ఈ దశాబ్దంలో వేలల్లో ఉన్నారు. హక్కు ఉందా అన్న దగ్గర మొదలైన చర్చ, ఉన్న హక్కును ఎవరు ఎలా అమలు చేయిస్తారన్న దగ్గరికి వచ్చి చిక్కుపడింది. ఆ చిక్కులో ఏ పోగు ఎక్కడ మొదలైందో విడదీసి చూడాల్సిన సమయం ఇది.

ఇది శరణార్థి హోదా దక్కినవాళ్ల గురించిన చర్చ కాదు. 1951 జెనీవా ఒప్పందంలోని 21వ అధికరణం ఇళ్ల ప్రస్తావన తెచ్చింది గానీ, అది ఆ దేశంలో చట్టబద్ధంగా నివసిస్తున్న శరణార్థులకు సంబంధించినది. నిర్ణయం ఇంకా రాని ఆశ్రయార్థులు ఆ రక్షణకు బయటే ఉండిపోతారు. నిర్ణయానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఆ కాలంలో, కనీసం మొదటి నెలల్లో, పని చేసుకునే అనుమతి సాధారణంగా ఉండదు. సంపాదించుకోవద్దని ఆపిన ప్రభుత్వమే ఉండటానికి చోటివ్వకపోతే ఆ దురవస్థకు బాధ్యులెవరు? ఈ రంగంలోని ముఖ్యమైన తీర్పుల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

1948 నాటి చట్టం, 1996 నాటి బ్రిటన్

కోర్టులకూ ప్రభుత్వాలకూ మధ్య జరిగిన పెనుగులాట తొలిరూపం బ్రిటన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. దేశంలో అడుగుపెట్టిన వెంటనే కాకుండా ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకున్న ఆశ్రయార్థులకు 1996లో కన్సర్వేటివ్ ప్రభుత్వం సంక్షేమ సాయం ఆపేసింది. ఆ జూన్‌లోనే అప్పీల్ కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. ఆశ్రయం కోరే హక్కును పార్లమెంటు చట్టం చేసి ఇస్తే, ఆ హక్కును వాడుకోవాలనుకున్నవాళ్లను పస్తులకు వదిలేసే నిబంధనలు మంత్రి తేవడం చెల్లదని లార్డ్ జస్టిస్ సైమన్ బ్రౌన్ తేల్చారు. కొద్ది వారాల్లో ప్రభుత్వం అదే కోతను పార్లమెంటు చేత చట్టంగానే చేయించుకుంది.

అప్పుడు న్యాయవాదులు 1948 నాటి జాతీయ సహాయ చట్టాన్ని వెలికితీశారు. వయసు, జబ్బు వంటి కారణాలతోనో మరే పరిస్థితి వల్లనో సంరక్షణ అవసరమైన మనిషికి నివాసం చూపించే బాధ్యత స్థానిక సంస్థలదని అందులో ఉంది. పని చేయడానికి వీల్లేక, సాయమూ అందక వీధిన పడ్డ మనిషి ఆ నిర్వచనంలోకి వస్తాడని ముందు హైకోర్టు, 1997లో అప్పీల్ కోర్టు ఒప్పుకున్నాయి. ఆ భారం ముఖ్యంగా లండన్ కౌన్సిళ్ల మీద పడింది. వాటి మొర నుంచే 1999 చట్టం వచ్చింది. ఆశ్రయార్థులకు ప్రత్యేక వసతి వ్యవస్థ, వాళ్లను దేశమంతటికీ పంచే పద్ధతి అలా మొదలయ్యాయి. కోర్టు ఒక తలుపు తెరవడం, ప్రభుత్వం దాన్ని మూసేయడం, వాదన మరో దారి వెతుక్కోవడం అన్న వరస ఆ తర్వాత ఇతర దేశాల్లోనూ కనబడుతుంది.

2002లో మళ్లీ తలుపు మూసుకుంది. వీలైనంత త్వరగా దరఖాస్తు పెట్టుకోని వాళ్లకు సాయం ఆపాలని ఆ ఏడాది చట్టంలోని 55వ సెక్షన్ చెప్పింది. దానితో వందల మంది చర్చిలు, దాతృత్వ సంస్థల గుమ్మాల ముందు చేరారు. అయితే మానవ హక్కుల ఉల్లంఘన జరిగే పరిస్థితి ఉంటే సాయం ఆపకూడదన్న మినహాయింపు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 2005 నవంబర్ 3న దాన్ని ఆధారం చేసుకుంది. గూడు, తిండి, కనీస అవసరాలు నిరాకరించడం వల్ల తీవ్రమైన బాధ ముంచుకొస్తోందని కనిపిస్తే, అది వచ్చి పడేదాకా ఆగకుండా ప్రభుత్వం ఆదుకోవాలని ఏకగ్రీవంగా చెప్పింది. ఇల్లు లేని ప్రతివారికీ ఇల్లివ్వాలని మానవ హక్కుల ఒప్పందం చెప్పదని కూడా అదే తీర్పులో న్యాయమూర్తులు గుర్తుచేశారు. ఆ రెండో మాట తర్వాతి కాలంలో మొదటిదానంత బరువు సంతరించుకుంది.

బాధ ఏ మట్టానికి చేరాలి?

స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం కూడా ఈ దారిలోనే నడిచింది. నివాస హక్కు అన్న మాట మానవ హక్కుల ఒప్పందంలో లేదు. ఇంటి గౌరవాన్ని కాపాడే 8వ అధికరణం ఇల్లు ఇప్పించమని చెప్పదని ఆ కోర్టు 2001లోనే స్పష్టం చేసింది. అందుకే వాదనలన్నీ అమానుష, అవమానకర ప్రవర్తనను నిషేధించే 3వ అధికరణం మీద నిలబడ్డాయి. 2011 జనవరి 21న ఎం.ఎస్.ఎస్. కేసులో, ఏథెన్స్ నడిబొడ్డున పార్కులో తిండీ నీడా లేకుండా నెలల తరబడి బతికిన ఒక అఫ్గాన్ విషయంలో గ్రీసు ఆ అధికరణాన్ని ఉల్లంఘించిందని, అతణ్ని అలాంటి పరిస్థితుల్లోకి తిప్పి పంపిన బెల్జియం కూడా తప్పు చేసిందని విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. ఆశ్రయార్థులు ప్రత్యేక రక్షణ కావాల్సిన బలహీన వర్గమని అందులో కోర్టు అంది. హంగరీ న్యాయమూర్తి ఆండ్రాష్ షాయో దాంతో విభేదించారు. అందరినీ ఒక గుంపుగా చూడకుండా ఒక్కొక్కరి స్థితినీ పరిశీలించాలన్నది ఆయన పక్షం. ఆ భేదాభిప్రాయం ఇంకా చల్లారలేదు.

2020లో రెండు ఫ్రెంచి కేసులు ఈ పద్ధతి బలాన్నీ బలహీనతనూ పక్కపక్కనే చూపించాయి. జులై 2 నాటి ఎన్.హెచ్. తీర్పులో పారిస్ కాలువ ఒడ్డున, వంతెనల కింద, కార్కాసోన్‌లో నది గట్టున గుడారంలో బతికిన ముగ్గురి విషయంలో ఫ్రాన్స్ తప్పు చేసిందన్నారు. అలాగే గుడారంలో ఉన్న నాలుగో మనిషికి భత్యం కాస్త ముందు అందింది కాబట్టి అతని విషయంలో ఉల్లంఘన లేదన్నారు. సెప్టెంబర్ 10న మరో తీర్పులో, మెట్జ్ నగరంలో కార్ల పార్కింగ్ స్థలంలో వేసిన గుడారాల్లో పసిపిల్లలతో ఉన్న కుటుంబాలకూ ఉల్లంఘన జరగలేదన్నారు. ఎన్ని రోజులు, ఎంత చలి, ఎన్ని యూరోలు అన్న లెక్క మీద హక్కు ఆధారపడితే న్యాయవాది తన కక్షిదారుకు ముందుగా ఏం చెప్పగలడు? బాధను నిరూపించాలంటే ముందు దాన్ని అనుభవించి ఉండాలి. ఈ పద్ధతిలో నాకు కనిపించే పెద్ద లోపం అది. హద్దు దాటిన క్రూరత్వాన్ని ఇది ఆపగలదు, ఆ హద్దుకు అంగుళం ఇవతల ఆగిన నిర్లక్ష్యాన్ని ఆపలేదు.

కార్ల్స్‌రూహే చూసిన పది శాతం

కార్ల్స్‌రూహేలోని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం మరో చివర నుంచి మొదలుపెట్టింది. మనిషి గౌరవాన్ని కాపాడే 1వ అధికరణాన్ని, సంక్షేమ రాజ్య సూత్రాన్ని చెప్పే 20వ అధికరణాన్ని కలిపి చదివి, గౌరవంగా బతకడానికి కావాల్సిన కనీస మొత్తం దేశంలో ఉన్న ప్రతి మనిషికీ, పౌరుడైనా కాకపోయినా, దక్కాలంది. 2012 జులై 18న ఇచ్చిన తీర్పు నాటికి ఆశ్రయార్థుల భత్యం 1993 నుంచి మారలేదు, ధరలు మాత్రం 30 శాతానికి పైగా పెరిగాయి. భత్యం తక్కువగా ఉంటే వచ్చేవాళ్లు తగ్గుతారన్న వలస విధానపు లెక్క మనిషి గౌరవాన్ని తగ్గించడానికి కారణం కాజాలదని కోర్టు చెప్పింది.

2022 అక్టోబర్ 19 నాటి తీర్పు నివాసానికి ఇంకా దగ్గరిది. సామూహిక వసతి గృహాల్లో ఉండే ఒంటరి వ్యక్తుల భత్యంలో 2019 నుంచి పది శాతం కోత పెట్టారు. ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి దంపతుల మాదిరిగా కలిసి సరుకులు కొని, కలిసి వండుకుని ఆదా చేసుకుంటారన్నది ప్రభుత్వ అంచనా. వేరువేరు దేశాలు, వేరువేరు భాషలు, ఎవరు ఎప్పుడు వేరే కేంద్రానికి వెళతారో తెలియని పరిస్థితి. అక్కడ అలాంటి ఆదా నిజంగా సాధ్యమవుతోందని చూపే ఆధారం ఏదని కోర్టు అడిగింది. ఆధారం లేదు, కోత చెల్లలేదు. ఈ పద్ధతిలో బాధను నిరూపించే బరువు ఆశ్రయార్థి మీద లేదు. తన అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సిన బరువు ప్రభుత్వం మీద ఉంది. అయితే ఆ అంకె ఎంత ఉండాలో కోర్టు చెప్పదు, అది శాసనసభ పనే.

లక్సెంబర్గ్: రాసుకున్న చట్టం

మూడో దారి లక్సెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానానిది. ఆశ్రయార్థులకు కనీస వసతులు కల్పించాలని సమాఖ్య 2003లో ఒక ఆదేశిక తెచ్చింది, 2013లో దాన్ని సవరించింది. కాబట్టి ఈ కోర్టుకు గౌరవం అంటే ఏమిటో మొదటి నుంచీ నిర్వచించే అవసరం రాలేదు, చట్టాన్ని గట్టిగా చదివితే సరిపోయింది. వేరే సభ్యదేశానికి పంపాల్సిన దరఖాస్తుదారైనా, పంపేదాకా వసతి ఇవ్వాల్సిందేనని 2012లో తేల్చింది. 2014 ఫిబ్రవరిలో ఒక బెల్జియం కేసులో, కేంద్రాలు నిండిపోయాయని చెప్పి భత్యం చేతికిస్తే, ఆ డబ్బుతో కుటుంబం విడిపోకుండా బయట అద్దె ఇల్లు దొరకాలని చెప్పింది. 2019 నవంబర్‌లో, వసతి కేంద్రంలో కొట్లాటకు శిక్షగా ఒక మైనర్‌ను 15 రోజులు బయటికి పంపడం చెల్లదంది. శిక్ష వేయొచ్చు, కానీ పడకా తిండీ తీసేయడం శిక్ష కాకూడదు.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. స్ట్రాస్‌బర్గ్, లండన్ పద్ధతి విస్తృతమైనది, సమాఖ్య చట్టం లేని దేశాల్లోనూ పనిచేస్తుంది, కానీ అది కాపాడే కనీస మట్టం బాగా కింద ఉంటుంది. కార్ల్స్‌రూహే పద్ధతి తర్కంలో లోతైనది, కానీ జర్మన్ రాజ్యాంగం దాటి రాదు. లక్సెంబర్గ్ పద్ధతి కచ్చితమైనది, కానీ రేపు ఆదేశికను మారిస్తే తీర్పుల పునాదీ మారుతుంది. వీటి మధ్య గోడలు కూడా అనుకున్నంత మందమైనవి కావు. ఎం.ఎస్.ఎస్. కేసులో స్ట్రాస్‌బర్గ్ గ్రీసును తప్పుపట్టడానికి ఒక కారణం, ఆ సమాఖ్య ఆదేశిక అప్పటికే గ్రీసు సొంత చట్టమైపోయి ఉండటం.

చోటు లేదన్న జవాబు

ప్రభుత్వాల ప్రధాన వాదన ఒక్కటే: ఇంతమంది వస్తారనుకోలేదు, పడకలు లేవు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఇళ్ల కొరత నిజం. డబ్లిన్‌లో అద్దెలు కట్టలేక ఐరిష్ కుటుంబాలే అత్యవసర వసతుల్లో ఉన్నాయి. స్థానికుడికి లేని హక్కు బయటి నుంచి వచ్చినవాడికి ఎలా అని అడిగేవాళ్లందరూ ద్వేషంతో అడగడం లేదు. బడ్జెట్ కేటాయింపులు న్యాయమూర్తులు చేయడమేమిటన్నది కూడా ప్రజాస్వామ్యంలో వినదగ్గ వాదనే. ఫ్రాన్స్ ఉన్నత పరిపాలనా న్యాయస్థానమైన కౌన్సిల్ ఆఫ్ స్టేట్ దీనికి కొంత చోటిచ్చింది. 48 గంటల్లో తేల్చాల్సిన అత్యవసర విచారణలో ఆశ్రయార్థి వసతిని ప్రాథమిక హక్కులో భాగంగా 2009లో గుర్తిస్తూనే, అధికారుల దగ్గరున్న వనరులనూ ఆ మనిషి వయసు, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితినీ లెక్కలోకి తీసుకోవాలంది. ఆచరణలో దీని అర్థం, ఆరోగ్యంగా ఉన్న ఒంటరి యువకుడు వరసలో ఎప్పుడూ చివరే.

2025 ఆగస్టు 1న లక్సెంబర్గ్ దీనికి ఎదురుజవాబు చెప్పింది. ఆ కేసులో పిటిషనర్లు ఒక అఫ్గాన్, ఒక భారతీయుడు. ఐర్లండ్‌లో దరఖాస్తు పెట్టుకున్నాక ఇద్దరికీ చెరో 25 యూరోల వోచర్ ఇచ్చి పంపేశారు. కేంద్రాల్లో చోటు లేదు. రోజువారీ భత్యం కేంద్రంలో ఉన్నవాళ్లకు మాత్రమే, కాబట్టి కేంద్రంలో చోటు దొరకని వీళ్లకు భత్యమూ లేదు. వారాల తరబడి వీధుల్లో, దొరికిన చోటల్లా గడిపారు. చట్టాన్ని ఉల్లంఘించామని ఐర్లండ్ ఒప్పుకుంది గానీ, ఉక్రెయిన్ యుద్ధంతో ఊహించని సంఖ్యలో జనం వచ్చారు కాబట్టి నష్టపరిహారం కట్టనక్కర్లేదంది. కోర్టు ఒప్పుకోలేదు. మామూలు వసతులు నిండిపోతే ఏం చేయాలో ఆదేశికలోనే ఉందని, అలాంటప్పుడు తాత్కాలిక ఏర్పాట్లు, డబ్బు, వోచర్ల రూపంలో సాయం చేయొచ్చని, ఏ రూపంలోనైనా కనీస అవసరాలు తీరాల్సిందేనని చెప్పింది. తాత్కాలికంగానైనా అలా వదిలేయడం పరిహారానికి దారితీసే తీవ్రమైన ఉల్లంఘన కావచ్చంది.

నా దృష్టిలో ఈ దశాబ్దంలో ఈ విషయం మీద వచ్చిన అతి ముఖ్యమైన తీర్పు ఇదే. చోటు లేదన్న మాటకు ఇది ధర కట్టింది. ఆ మాటకు ఎదురుగా ఇంకో వాస్తవం కూడా ఉంది. 2022 మార్చిలో తాత్కాలిక రక్షణ ఆదేశికను మొదటిసారి అమల్లోకి తెచ్చాక ఇదే ఐరోపా 40 లక్షల మందికి పైగా ఉక్రెయిన్ ప్రజలకు నీడ చూపించింది. ఆ సర్దుబాట్లలో ఇబ్బందులు లేకపోలేదు. కానీ సామర్థ్యం అన్నది ఎప్పుడూ ఒకే చోట ఆగి ఉండే అంకె కాదని అది రుజువు చేసింది.

బెల్జియంలో ఆగిపోయిన అమలు

సమస్యలో అతి కష్టమైన భాగం అమలు. బెల్జియంలో 2007 చట్టం ప్రకారం ఫెడాసిల్ అనే ప్రభుత్వ సంస్థ ఆశ్రయార్థులకు వసతి చూపాలి, చూపకపోతే కార్మిక న్యాయస్థానాలకు వెళ్లొచ్చు. 2021 చివరి నుంచి ఒంటరి పురుషులకు చోటివ్వడం ఆగిపోయింది. వేల మంది కోర్టుకెళ్లారు, వేల ఉత్తర్వులు వచ్చాయి, రోజుకింత అని జరిమానాలు విధించారు. ఉత్తర్వులు అమలు కాలేదు, జరిమానాలు పేరుకుపోయాయి. స్ట్రాస్‌బర్గ్ వందల కేసుల్లో మధ్యంతర ఆదేశాలిచ్చింది.

గినియా నుంచి వచ్చిన ఒక యువకుడి కేసులో 2023 జులై 18న ఆ కోర్టు ఇచ్చిన తీర్పులో పట్టుకున్న ఉల్లంఘన నివాసానిది కాదు, న్యాయవిచారణ హక్కును చెప్పే 6వ అధికరణానిది. సొంత దేశపు కోర్టు ఉత్తర్వును అమలు చేయకపోవడం ఎక్కడో జరిగిన జాప్యం కాదని, వ్యవస్థ మొత్తంలోని వైఫల్యమని చెప్పింది. ఆ ఆగస్టు చివర్లో ఆశ్రయ వ్యవహారాల సహాయ మంత్రి నికోల్ డి మోర్, ఒంటరి పురుషులకు వసతి తాత్కాలికంగా ఆపేస్తున్నట్టు బహిరంగంగానే ప్రకటించారు. సెప్టెంబర్ 13న బెల్జియం కౌన్సిల్ ఆఫ్ స్టేట్ ఆ నిర్ణయాన్ని నిలిపేసింది. కోర్టు ఉత్తర్వు వల్ల ఖాళీ పడకలు పుట్టుకురావంటూ మంత్రి తన విధానాన్ని కొనసాగించారు. చట్టబద్ధ పాలనకు పేరున్న దేశంలో, ఐరోపా సమాఖ్య రాజధానిలోనే ఇది జరిగింది. ఓటు లేని మనుషుల విషయంలో కోర్టు మాట వినకపోయినా రాజకీయంగా నష్టం లేదన్న లెక్క ఇందులో ఉంది. రేపు ఇదే లెక్క ఓటున్నవాళ్ల పింఛను మీదికీ, వైద్యం మీదికీ రాదన్న భరోసా ఎవరిస్తారు?

ఎలాంటి కప్పు, ఎవరి ఊళ్లో?

కప్పు దొరికాక అది ఎలాంటిదన్న ప్రశ్న వస్తుంది. కెంట్‌లోని నేపియర్ అనే పాత సైనిక బారకాసుల్లో 2020 సెప్టెంబర్ నుంచి ఆశ్రయార్థులను ఉమ్మడి పడక హాళ్లలో ఉంచారు. కొవిడ్ అక్కడ దాదాపు 200 మందికి సోకింది. ఆ వసతి కనీస ప్రమాణాలకు తగదని 2021 జూన్‌లో ఇంగ్లండ్ హైకోర్టు తీర్పిచ్చింది.

2025 నాటికి వాదన తలకిందులైంది. ఎపింగ్‌లోని బెల్ హోటల్ నుంచి ఆశ్రయార్థులను ఖాళీ చేయించాలని స్థానిక కౌన్సిలే కోర్టుకెళ్లింది. ఆయుధం భవన వినియోగ నిబంధనలు: హోటల్‌ను అనుమతి లేకుండా వసతి గృహంగా మార్చారని. ఆగస్టు 19న హైకోర్టు మధ్యంతర నిషేధం ఇస్తే పది రోజుల్లో అప్పీల్ కోర్టు దాన్ని ఎత్తేసింది. ఒక చోట ఖాళీ చేయిస్తే వాళ్లను ఇంకో చోట పెట్టాలి, వీధి నిరసనలకు ఫలితంగా నిషేధం వస్తే మరిన్ని నిరసనలకు అది ఊతమవుతుందన్నది కోర్టు ఆందోళన. నవంబర్‌లో శాశ్వత నిషేధాన్నీ హైకోర్టు నిరాకరించింది. మానవ హక్కుల చట్టంతో గెలిచిన గూడును పట్టణ ప్రణాళికా చట్టంతో పోగొట్టే ప్రయత్నాలు ఇక్కడితో ఆగేలా లేవు.

న్యూయార్క్ అనుభవం వీటన్నిటికీ భిన్నం. అక్కడ నివాస హక్కు ఆశ్రయ చట్టం నుంచి రాలేదు. న్యాయవాది రాబర్ట్ హేస్ వేసిన కేసులో 1981లో కుదిరిన రాజీ డిక్రీ, ఇల్లు లేని పురుషులకు పడక హామీ ఇచ్చింది. అడిగినవాడి హోదా ఏమిటన్నది దానికి అక్కర్లేదు. 2022 వసంతం నుంచి రెండు లక్షల మందికి పైగా వలస వచ్చాక ఆ హామీ ఒత్తిడికి లోనైంది. 2024 మార్చిలో కొత్త ఒప్పందంతో వలస వచ్చిన ఒంటరి పెద్దలకు సాధారణంగా 30 రోజుల హద్దు పెట్టారు. అందరికీ ఒకటే హక్కు ఉన్నచోట, స్థానికుడా పరాయివాడా అన్న వాదనకు మొదట్లో తావుండదు. కానీ ఒత్తిడి పెరిగినప్పుడు గీత గీసింది మాత్రం పరాయివాడి దగ్గరే.

బాలాపూర్ నుంచి చూస్తే

భారత్ 1951 ఒప్పందంలో చేరలేదు, శరణార్థుల చట్టమూ లేదు. కానీ రాజ్యాంగం 21వ అధికరణం పౌరుడికి మాత్రమే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. తలదాచుకునే చోటు జీవించే హక్కులో భాగమని 1990లలో సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. 1996 జనవరిలో, అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల తరఫున జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసిన కేసులో, చట్టం ప్రకారం తప్ప వాళ్లను ఇళ్ల నుంచి వెళ్లగొట్టకూడదని ఆదేశించింది. ఉన్న గూడును కాపాడటం అది. శరణార్థులకు లేని గూడును ఇప్పించే తీర్పు ఇంతవరకు రాలేదు. 2021 ఏప్రిల్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల విషయంలో, సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణం, 21వ అధికరణం అందరివీ అయినా, దేశం నుంచి పంపించకుండా ఆపే హక్కు పౌరులకే ఉన్న నివాస స్వేచ్ఛతో ముడిపడిందని కోర్టు అంది. 2025 మేలో, శ్రీలంక తమిళుడి కేసు విచారణలో, ఈ దేశం ధర్మసత్రం కాదన్న మౌఖిక వ్యాఖ్య కూడా వినిపించింది.

హైదరాబాద్ బాలాపూర్ పరిసరాల్లో రేకులు, టార్పాలిన్ల కింద బతుకుతున్న రోహింగ్యా కుటుంబాలకు ఈ తర్జనభర్జనలు దూరపు సంగతి కాదు. 2025 జులై 31న, లక్సెంబర్గ్ తీర్పుకు సరిగ్గా ఒక రోజు ముందు, జస్టిస్ సూర్యకాంత్ నేతృత్వంలోని ధర్మాసనం విచారించాల్సిన ప్రశ్నలను ఖరారు చేసింది. రోహింగ్యాలు శరణార్థులా, అక్రమంగా వచ్చినవాళ్లా అన్నది మొదటిది. నిర్బంధంలో లేకుండా శిబిరాల్లో ఉంటున్నవాళ్లకు తాగునీరు, పారిశుద్ధ్యం, చదువు వంటి కనీస వసతులు అందుతున్నాయా అన్నది కూడా ఆ ప్రశ్నల్లో ఉంది.

ఈ రెండు ప్రశ్నలకూ ముడిపెట్టకుండా విచారించడం సాధ్యమేనని ఐరోపా తీర్పులన్నీ చూపిస్తున్నాయి. 2005లో లండన్, 2012లో కార్ల్స్‌రూహే, 2025లో లక్సెంబర్గ్ చెప్పినవన్నీ శరణార్థి హోదా దక్కని మనుషుల గురించే. వాళ్లలో కొందరికి చివరికి ఆశ్రయం నిరాకరించి ఉండొచ్చు కూడా. హోదా ప్రశ్న తేలడానికి మన దగ్గర ఏళ్లు పట్టవచ్చు, విదేశాంగ విధానం, భద్రత, సరిహద్దులు అన్నీ అందులోకి వస్తాయి. నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, వాన కురవని కప్పు అన్న ప్రశ్నను ఆ విచారణ వెనక వరసలో నిలబెట్టనక్కర్లేదు. రెండో ప్రశ్నను ముందు తీసుకుని, ఏ అధికారి ఎన్ని రోజుల్లో ఏం చేయాలో, చేయకపోతే ఏమవుతుందో కూడా ఆ ఉత్తర్వులోనే రాసే అధికారం సుప్రీంకోర్టుకు ఉంది.